ఇత్తో అత్త ఏడ్చిన దేశాలు

మా ఇత్తో అత్త మా ఊరు వర్జాజాత్ దాటి ఎక్కడికీ పోలేదు గానీ, చాలా దేశాల్లో ఏడ్చింది. కాబూల్లో నీలి ముసుగు వేసుకుని ఏడ్చింది. బాగ్దాద్‌లో బాంబు పడి కూలిన గోడ పక్కన కూర్చుని ఏడ్చింది. ఫరోల కాలంలో ఇటుకలు మోస్తూ ఏడ్చింది. రోమన్ సైనికులు ఎవరినో ఈడ్చుకుపోతుంటే యెరూషలేము వీధిలో నిలబడి ఏడ్చింది. ఒకసారైతే పేరు కూడా లేని దేశంలో ఏడ్చింది. ఇది ఏ దేశం అని అడిగితే ఆ దర్శకుడు భుజాలెగరేసి, "ఎడారి ఉన్న దేశం" అన్నాడట.

ఇదంతా మా ఊరి చివర స్టూడియో గోడల మధ్యే. తెల్లారేసరికి గేటు ముందు ఊరు ఊరంతా నిలబడి ఉండేది. జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు ఇద్దర్ ఒక పీట ఎక్కి, "ఏడ్చేవాళ్ళు ఇటు! పారిపోయేవాళ్ళు అటు! పళ్ళు బాగున్నవాళ్ళు రాజుగారి కొలువులోకి!" అని అరిచేవాడు. అత్త ఎప్పుడూ మొదటి వరుసే. మేకప్ వాళ్ళ చేతి కోసం చూడకుండా, గేటు దగ్గరే ఇంత మట్టి తీసి బుగ్గలకు రాసుకుని వెళ్ళేది. ఎంత ఏడవమంటే అంత ఏడ్చేది. ఎలాగని అడిగితే, "చిన్నప్పుడు మా మేక ఒకటి బావిలో పడిందిలే. దాన్ని తలుచుకుంటా" అనేది. కాబూల్లోనూ ఆ మేకే, ఈజిప్టులోనూ ఆ మేకే.

ఆమె భర్త హమ్మూ మామయ్య ఆ స్టూడియోలోనే ప్లాస్టర్ పని చేసేవాడు. రోమ్ నగరాన్ని ఆయన చాలాసార్లు కట్టాడు, చాలాసార్లు కూలగొట్టాడు. స్తంభాలకు కావాలని పగుళ్ళు పెట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. పాత మోపెడ్ మీద పనికి పోయేవాడు. బజార్లో విదేశీయులు ఆయన తలపాగా చూసి, "నీ ఒంటె ఏదీ?" అని అడిగితే, "మెకానిక్ దగ్గరుందండీ, క్లచ్ పోయింది" అని చాలా మర్యాదగా చెప్పేవాడు. వాళ్ళలో కొందరు తల కూడా ఊపేవాళ్ళు.

మామయ్యకు ఇదంతా నవ్వులాట. అత్తకు మాత్రం ఒక్క బాధ ఉండేది. ఏ సినిమా టీవీలో వచ్చినా, "అదిగో, ఆ గోడ పక్కన! అది నేనే!" అని వేలు పెట్టి చూపించేది. చూడ్డానికి వచ్చిన చుట్టాలెవరో, "ఇంతకీ అది ఏ ఊరు వదినా?" అనేవాళ్ళు. అత్త వేలు దించేసేది.

"ఊరు మనదే, గోడ మనదే, మొహం నాది" అనేది నాతో. "పేరు మాత్రం ఇంకోళ్ళది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఈ మొహం కింద మొరాకో అని రాసి చూపిస్తే చాలు. ఆ తర్వాత మళ్ళీ ఎక్కడ ఏడవమన్నా ఏడుస్తా."

ఆ ఒక్కసారి ఎల్కేతో వచ్చింది.

ఎల్కే ఉత్తరాన ఏదో చలిదేశం నుంచి వచ్చిన దర్శకురాలు. సన్నగా, పొడుగ్గా, ఎండకు ఎర్రబడిన ముక్కుతో ఉండేది. నేను అగాదిర్‌లో చదువు ముగించుకుని ఇంట్లో ఖాళీగా ఉన్నానని, ఇద్దర్ నన్ను ఆమెకు దుబాసీగా కుదిర్చాడు. ఆమెది ఫ్రెంచి, అత్తది మా తషెల్హీత్. మధ్యలో నేను.

అత్త ఇంట్లో నేల మీద కూర్చుని ఎల్కే కథ చెప్పింది. ఒక విదేశీ నర్సు ఈ ఊరి ఆసుపత్రికి వస్తుంది. ఆమెకు ఇల్లు బాగుచేసిపెట్టిన తాపీమేస్త్రీ చనిపోతాడు. నర్సు భయపడుతూ భయపడుతూ పరామర్శకు వెళ్తుంది. మేస్త్రీ భార్య తల ఎత్తి, ఆ పిల్ల మొహం చూసి, "కూర్చో బిడ్డా, టీ తాగిపో" అంటుంది. అంతే. కానీ ఆ మాట మా భాషలోనే అంటుంది. కెమెరా ఆమె మొహం మీదే ఉంటుంది.

అత్త టీ పోస్తూ అంతా విని, కెటిల్ కింద పెట్టింది.

"ఏ దేశమో అడుగు."

అడిగాను. "మొరాకో" అంది ఎల్కే.

"ఏ ఊరో అడుగు."

"ఈ ఊరే. వర్జాజాత్. సినిమా మొదట్లో పేరు కూడా పడుతుంది."

"ఇంకోసారి అడుగు, సరిగా విని ఉండదు."

ఇంకోసారి కూడా అదే జవాబు వచ్చింది. ఎల్కే వెళ్ళాక అత్త వీధిలోకి వెళ్ళి, చేతిలో తట్ట ఉందన్న సంగతి కూడా మర్చిపోయి, ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చింది. ఆ సీను కోసం అత్త ఇల్లే అద్దెకు తీసుకున్నారు. ఎటొచ్చీ ఆ ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉండటం ఎల్కేకి నచ్చలేదు. పెరట్లో మట్టి పొయ్యి ఉంటే బాగుంటుందంది. మామయ్య ఒక్క పూటలో ప్లాస్టర్‌తో పొయ్యి కట్టి, మసి పూసి, అంచున పగులు కూడా పెట్టాడు. "మా నానమ్మ చూస్తే ఇదే పొయ్యి అని కన్నీళ్ళు పెట్టుకునేది" అన్నాడు గర్వంగా. "కాకపోతే దీంట్లో నిప్పు పెడితే మాత్రం పేలుతుంది."

పొయ్యి సంగతి అత్త పట్టించుకోలేదు. గొడవ బట్టల దగ్గర మొదలైంది.

స్టూడియోలో బట్టల గదికి పిలిచి ఆమె చేతిలో నల్లబట్టలు పెట్టారు. పైనుంచి కిందికి నలుపు. అత్త వాటిని విప్పి, చంక కింద వెతికి, అక్కడి కుట్టు నాకు చూపించింది.

"ఇది నేను బాగ్దాద్‌లో వేసుకున్నదే. ఈ కుట్టు నాదే. పరిగెత్తేటప్పుడు చిరిగింది." మడిచి బల్ల మీద పెట్టేసింది. "మొగుడు పోయినదానికి మన దగ్గర నలుపేంటి? తెలుపు కదా. తెలీక ఇచ్చిందేమో, చెప్పు."

చెప్పాను. ఎల్కేకి తెలుసు. వచ్చేముందే చదివింది. ఇక్కడ భర్త పోయిన స్త్రీ ముసుగు నుంచి మేజోళ్ళ దాకా తెల్లటివి వేసుకుంటుందని ఆమే నాకు వివరంగా చెప్పింది. చెప్పి, బల్ల అంచున కూర్చుంది.

"నా ఇబ్బంది కూడా అర్థం చేసుకోండి. మా వైపు తెల్లబట్టలంటే పెళ్ళికూతురు. హాల్లో కూర్చున్నవాళ్ళు, చావింట్లో ఈ పెళ్ళికూతురేంటి అనుకుంటారు. నలుపైతే ఎవరూ ఆలోచించక్కర్లేదు."

"నల్లబట్టలతో నన్ను చూస్తే మా వాళ్ళేమనుకుంటారో?" అంది అత్త.

"ఈ సినిమా మీ ఊళ్ళో ఎంతమంది చూస్తారండీ?"

ఎల్కే తక్కువ చేసి అనలేదు, ఉన్నమాటే అంది. నేను వీలైనంత మెత్తగా చెప్పాను. అయినా ఆ మాటలో మెత్తదనం పట్టే చోటు లేదు. అత్త కాసేపు కిటికీలోంచి, మామయ్య కట్టిన రోమ్ గోడ వైపు చూసింది. తర్వాత బేరానికి కూర్చున్నట్టు కాళ్ళు మడిచి కూర్చుంది.

"సరే. నువ్వు చెప్పినట్టే నల్లవి కడతా. గుండెలు బాదుకోమంటే బాదుకుంటా. మట్టిలో దొర్లమంటే దొర్లుతా. నా అంత బాగా దొర్లేవాళ్ళు ఈ జిల్లాలో లేరు, ఇద్దర్‌ని అడుగు. కానీ దేశం పేరు మార్చెయ్. సిరియా అను, యెమెన్ అను, ఎడారి ఉన్న దేశం అను. వర్జాజాత్ అన్నావంటే మాత్రం నేను తెల్లబట్టల్లోనే కూర్చుంటా."

"కథే ఇక్కడిది. పేరెలా మారుస్తాను?"

"బట్టలు ఇక్కడివి కావు, కథ ఇక్కడిదా!"

ఎల్కే నవ్వింది, వెంటనే ఆపేసింది. ఆమె మనసు మారలేదు. ఆలోచించుకోమంది. రేపు పొద్దున్న ఇంటికొస్తానని, అప్పటికీ వద్దంటే ఆ వేషం తూదాకి ఇస్తానని చెప్పి వెళ్ళింది.

తూదా అత్త పక్కింటావిడే. ముప్ఫై ఏళ్ళుగా ఇద్దరూ పక్కపక్కన ఏడుస్తున్నారు. ఆ సాయంత్రం వీధి ఉమ్మడి పొయ్యి దగ్గర రొట్టెల వంతు కోసం నిలబడి ఉంటే, అత్త విషయం చెప్పింది. తూదా చేతుల పిండి దులుపుకుంది.

"నీకొద్దంటే నాకివ్వవే. నాకేం అభ్యంతరం లేదు."

"నల్లబట్టలే!"

"నలుపైతే ఏంటి, ఆకుపచ్చైతే ఏంటి? నా మొగుడు నిజంగానే పోయాడు. ఆయనేమీ అనుకోడు. అమ్మాయి పెళ్ళి నెత్తి మీదుంది. నీలాగా దేశం పరువు మోసే తీరిక నాకు లేదమ్మా."

"వర్జాజాత్ అని పేరు పడుతుందే! చూసినవాళ్ళందరూ మనం అంతే అనుకుంటారు."

"ఇప్పుడు మాత్రం ఏమనుకుంటున్నారు? ఒంటె ఎక్కి నిద్రపోతామనుకుంటున్నారు." తూదా రొట్టెల పలక పొయ్యివాడికి అందించి, అత్త వైపు తిరిగింది. "ఒక పని చెయ్. నా తెల్లబట్టలు పెట్టెలోనే ఉన్నాయి. రేపు కట్టుకుని ఆమెకి చూపించు. చూశాక కూడా పెళ్ళికూతురంటే ఇక నీకూ నాకూ వాదం లేదు, ఆ నల్లవి నేను తొడుక్కుంటా. మొహం మాడ్చకూడదు మరి."

"మాడ్చను."

"ఇప్పుడే మాడింది, చూసుకో."

భర్త బతికుండగా తెల్లబట్టలు కట్టడమంటే చిన్న విషయం కాదు. రాత్రి అన్నాల దగ్గర అత్త ఆ మాట ఎత్తడానికి చాలా కష్టపడింది. మామయ్య విని, రొట్టె ముక్క పప్పులో ముంచి, నింపాదిగా నమిలాడు.

"కట్టుకో. నేను పోయాక ఎలా ఉంటావో చూసే అదృష్టం ఏ మొగుడికి దక్కుతుంది?"

"ఛీ! అపశకునం మాటలు!"

"అపశకునం నువ్వు కట్టుకుంటావు, మాట అంటే నేను తప్పా? కట్టుకోవే. నేనైనా పగలకుండా ఉండే స్తంభం కాదుగా." తర్వాత గొంతు తగ్గించి, "బిస్మిల్లా అని కట్టుకో. నీ మొహం కింద ఆ పేరు పడాలి" అన్నాడు.

మర్నాడు సంత. తూదా వేకువనే సంతకు వెళ్ళిపోయింది. మామయ్య స్టూడియోకి వెళ్ళిపోయాడు. నేను ఎల్కే కోసం హోటల్‌కి వెళ్ళాను. అత్త ఒక్కతే పాదాల దాకా వచ్చే తెల్ల జెల్లాబా, తెల్ల ముసుగు, తెల్ల మేజోళ్ళు వేసుకుని, ఇంట్లో చీకటిగా ఉందని గుమ్మం ముందు అరుగు మీద కూర్చుంది. ఎల్కే రావడంతోనే వెలుగులో చూడాలని ఆమె ఆలోచన. ఆ వీధి సంతకు అడ్డదారి అన్న సంగతి ఆమెకు తట్టలేదు.

మొదట వచ్చింది మమ్మాస్ ముసలమ్మ. పక్కూరు. మామయ్యకు పిన్ని వరస. సంతలో అమ్మడానికి కోళ్ళబుట్ట పట్టుకుని వస్తోంది. మలుపు తిరిగి, అరుగు మీద అత్తను చూసి, బుట్ట అక్కడే వదిలేసింది.

మా దగ్గర తెల్లబట్టల్లో ఉన్నామెను ఎవరు పోయారని అడగరు. ఎప్పుడు, ఎలా అని కూడా అడగరు. ఆ బట్టలు చెప్పిన తర్వాత మళ్ళీ ఆమె నోటితో చెప్పించడం పాపం. మమ్మాస్ వచ్చి అత్త తలను తన గుండెకు అదుముకుని, "నీ తలమీద దీవెన నిలవాలి తల్లీ! నా హమ్మూ! నా చేతుల్లో పెరిగిన హమ్మూ!" అని ఏడవడం మొదలుపెట్టింది.

"కాదు పిన్నీ, ఇది..."

"మాట్లాడకు. మాట్లాడకు తల్లీ. నువ్వేం చెప్పక్కర్లేదు."

"పిన్నీ, ఆయన బాగానే..."

"బాగానే పోయాడు, మంచివాడు, ఎవరినీ కష్టపెట్టకుండా పోయాడు. అంతే, అంతే."

సంతకు పోయేవాళ్ళు ఒక్కొక్కరే ఆగారు. మమ్మాస్ ఏడుపులో హమ్మూ పేరు విన్నారు. ఇంక ఎవరికీ ఏ సందేహమూ లేదు. ఒకావిడ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి చాపలు పరిచింది. ఇంకొకావిడ కొట్టుకు వెళ్ళి నీలికాగితం చుట్టిన చక్కెర దిమ్మ తెచ్చి అత్త పక్కన పెట్టింది. చావింటికీ పెళ్ళింటికీ మేం చక్కెర తీసుకునే వెళ్తాం. ఆమెను చూసి మరొకరు, మరొకరు. మగవాళ్ళు గోడవారన నిలబడ్డారు. మసీదులో ఖురాన్ చదివే ముసలాయనకు కబురు వెళ్ళింది. అత్త లేచి నిలబడి, "ఓరి నాయనా, హమ్మూ బతికే ఉన్నాడు!" అని గట్టిగా అరిచింది.

ఆడవాళ్ళందరూ కళ్ళొత్తుకున్నారు. "పాపం, మొదట్లో అలాగే అనిపిస్తుంది" అంది ఎవరో.

దుఃఖం ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. వండే పని ఇరుగుపొరుగుది. ఆ కంగారులో ఒకామె తన ఇంటికి పోకుండా పెరట్లోకి పోయింది. అక్కడ చక్కటి పాతకాలపు పొయ్యి కనిపించింది. నిప్పు పెట్టింది.

ఢామ్మని చప్పుడయ్యేసరికి సరిగ్గా మా కారు వీధి చివర ఆగింది. తెల్లటి పొగ. గుమ్మం ముందు జనం. చక్కెర దిమ్మల మధ్య తెల్లబట్టల్లో మా అత్త, ఆమె భుజం మీద తల పెట్టి వెక్కుతున్న మమ్మాస్. తెల్లబట్టల పథకం నాకు తెలుసు. తెలిసి కూడా జనంలో మామయ్య కోసం వెతికాను. మామయ్య ఉదయం పరంజా ఎక్కుతానన్న మాట గుర్తొచ్చింది. పడ్డాడు అనుకున్నాను.

నా పక్కనే ఎల్కే నల్ల కళ్ళద్దాలు తీసేసింది. వెనకున్న కెమెరా అతను కెమెరా ఎత్తబోతే, లెన్సుకు అరచెయ్యి అడ్డం పెట్టి దించేసింది. నా చెవి దగ్గరకు వంగి, చాలా మెల్లగా అడిగింది.

"ఎవరు పోయారు?"

నేను జవాబు చెప్పేలోపు వెనక నుంచి మోపెడ్ చప్పుడు వినిపించింది. వీధిలోకి ఒక ఆకారం వచ్చింది. నెత్తి నుంచి కాళ్ళ దాకా తెలుపు. కనుబొమలు తెలుపు, మీసాలు తెలుపు, మోపెడ్ హ్యాండిల్ కూడా తెలుపు. ప్లాస్టర్ కలుపుతుంటే ఇంట్లో ఎవరో పోయారని కబురందిందట. చేతులు కూడా కడుక్కోకుండా వచ్చేశాడు.

ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. ఒకరిద్దరు గోడెక్కినంత పని చేశారు. దారిలో మలుపు దగ్గర ఆయన ఒకాయన్ని ఆపి ఎవరు పోయారని అడిగితే, "ప్లాస్టర్ హమ్మూ" అన్నాడట. చావు కబురు విన్న అలవాటు కొద్దీ "ఇన్నాలిల్లాహి" అనుకుని ఇంకొంచెం దూరం వచ్చాక గానీ, అది తానేనని వెలగలేదట.

"ఏమే," అన్నాడు మామయ్య మోపెడ్ దిగకుండానే, అత్తని పైనుంచి కిందికి చూసి, "బాగానే ఉన్నావు."

మమ్మాస్ లేచింది. ఆయన దగ్గరకు వెళ్ళి చెంప మీద వేలితో గీసి చూసింది. ప్లాస్టర్ ఊడి కింద చర్మం కనిపించింది. మరుక్షణం చెప్పు తీసింది.

"సిగ్గులేదురా! నా కోళ్ళు పోయాయి, నా కన్నీళ్ళు పోయాయి!"

"పిన్నీ, నేనేం చేశాను? నేను చావను కూడా చావలేదు!"

"అదే కదరా నీ తప్పు!"

ఆ తర్వాత ఎవరు ముందు నవ్వారో చెప్పలేను. ఖురాన్ చదవడానికి వచ్చిన ముసలాయన కూడా గడ్డంలో నవ్వుకుంటూ, వచ్చాను కదా అని హమ్మూ దీర్ఘాయుష్షు కోసం దువా చేసి వెళ్ళాడు. కోళ్ళను వీధంతా కలిసి పట్టి తెచ్చారు. చక్కెర మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. పరామర్శకు ఇచ్చిన చక్కెర తిరిగి చేత పట్టుకుపోవడం ఎక్కడా లేదు. అందుకని అందరూ చాపల మీద కూర్చుని ఆ చక్కెరతోనే టీ తాగారు. పగిలిన పొయ్యి సంగతి మర్చిపోయి గ్యాస్ మీదే పెట్టారు.

ఎల్కే కూడా కూర్చుంది. గ్లాసు చుట్టూ చేతులు చుట్టుకుని, చాపల మీదున్న ఒక్కొక్క మొహాన్నే చూస్తూ ఉంది.

"వీళ్ళకి ఎవరూ ఏమీ చెప్పలేదా?" అని చివరికి నన్నడిగింది.

"లేదు. ఇక్కడ అడగరు."

అత్త ఆ మాటల్లో ఒక్కటీ అర్థం కాకపోయినా, ఎల్కే మొహం చూసి ఏదో పోల్చుకుంది. కళ్ళు తుడుచుకుంటూ, ఆ కళ్ళలో ఇంకా నవ్వు ఉండగానే అంది:

"నేనొక్కటే అడుగుతా, నిజం చెప్పమను. కారు దిగగానే నన్ను చూసి పెళ్ళికూతుర్ననుకుందా?"

నేను ఫ్రెంచిలో చెప్పాను. ఎల్కే అత్త వైపు చూసి, దుబాసీ అవసరం లేకుండా తల అడ్డంగా ఊపింది.

సంత నుంచి తూదా అప్పుడే వచ్చింది. చేతిలో సంచులు, గుమ్మంలో చెప్పుల కుప్ప, లోపల నవ్వులు. ఎల్కే మొహం, అత్త మొహం చూసి అంతా తెలుసుకుని, సంచులు దించింది. "పోయింది. నా వేషం పోయింది. నా బట్టలతోనే నా కూడు పోగొట్టుకున్నా."

"పరామర్శకు వచ్చేవాళ్ళు కూడా కావాలి" అంది ఎల్కే, తూదా మాట నేను ఫ్రెంచిలో చెప్పగానే. "వాళ్ళ మొహాలు ముందు చూపిస్తాను. ఆ తర్వాతే ఇత్తో గారు. అప్పుడు తెలుపా నలుపా అని ఎవరూ అడగరు. తూదా గారు, మీరు ముందు నడవాలి."

"చక్కెర సినిమావాళ్ళదేనా, నేను తెచ్చుకోవాలా?" అంది తూదా.

షూటింగ్ ఆ వీధిలోనే జరిగింది. ఎల్కే మమ్మాస్‌ను కూడా రమ్మంది. మమ్మాస్ ససేమిరా అంది. "వాడి కోసం ఒకసారి ఏడ్చేశాను. అదిగో, అక్కడ కూర్చుని బాదంపప్పు తింటున్నాడు. వాణ్ణి చూస్తూ ఇంకోసారి ఎలా ఏడవను?" అత్త ఆమె ఊరికి వెళ్ళి, చేతులు ముద్దు పెట్టుకుని, ఒక పూటంతా బతిమాలి తీసుకొచ్చింది. మామయ్యను మాత్రం షూటింగ్ అయ్యేదాకా వీధిలో కనిపించొద్దన్నారు.

ఇంకో సంగతి కూడా ఉంది. నిర్మాతలు ఒక ఒంటెను పంపారు. మా వీధిలో ఒంటె తిరగడానికి చోటు లేదు. ముందుకు తోలితే తల ఒక గోడకు, తోక ఇంకో గోడకు తగులుతోంది. ఎల్కే వాళ్ళతో ఫోన్లో చాలాసేపు పోట్లాడి, నుదురు రుద్దుకుంటూ వచ్చింది. వీధి చివర, దూరంగా, ఒక్కసారి కనిపించి పోవాలట. అంతకు తగ్గరట. అత్తకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అత్తే గమనించి ఒంటె వైపు చూసింది.

"ఉండనియ్. అంత దూరం నుంచి తెచ్చారు. అది మనల్ని చూస్తుందిలే."

మొదటి టేక్‌లో అత్త అరుగు మీద కూర్చుంది. తూదా ముందు, వెనక మిగతా ఆడవాళ్ళు చక్కెర పట్టుకుని వచ్చారు. నర్సు వేషం వేసిన అమ్మాయి చివర నిలబడింది. కెమెరా దగ్గరికి జరిగింది. అందరం అత్త కన్నీళ్ళ కోసం చూస్తున్నాం. రాలేదు. ఎల్కే ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ రాలేదు. అత్త నా వైపు చూసి, తప్పు చేసినట్టు చెప్పింది:

"మేక రావడం లేదే."

"ఎందుకు?"

"ఏమో. ఇంతమంది మనవాళ్ళు వచ్చారు. చక్కెర తెచ్చారు. వీళ్ళకు టీ ఎలా పొయ్యాలా అని ఉంది గానీ, ఏడుపు ఎక్కడుంది?"

నేను ఎల్కేకి చెప్పాను. ఎల్కే, "అయితే ఏడవొద్దని చెప్పు. టీ గురించే ఆలోచించమను" అంది.

మూడోసారి అత్త తల ఎత్తింది. ఆ అమ్మాయి చివరే నిలబడి ముందుకు రావడానికి జంకడం చూసింది. పక్కకు జరిగి, అరుగు మీద చోటు చేసి, "కూర్చో బిడ్డా, టీ తాగిపో" అంది. ఆ మాట అన్నది మేస్త్రీ భార్యా, మా అత్తా అంటే నాకు ఇప్పటికీ తెలీదు. నర్సు వేషం వేసిన అమ్మాయి మాత్రం, స్క్రిప్టులో లేకపోయినా, కూర్చుని ఏడ్చేసింది.

సినిమా మా ఊరి మునిసిపల్ హాలుకు రావడానికి చాలాకాలం పట్టింది. ఊరంతా వచ్చింది. దీపాలు ఆరాయి. తెర మీద మా కొండలు కనిపించాయి. వాటి కింద అక్షరాలు పడ్డాయి: వర్జాజాత్, మొరాకో. హాలు హాలంతా ఈలలు. ఆ హడావుడిలో మామయ్య నా వైపు వంగి, "మన ఆకాశానికి పచ్చకామెర్లు వచ్చినట్టుందేంటి?" అన్నాడు. నిజమే. నీలంగా ఉండాల్సిన ఆకాశానికి పసుపు కలిపేశారు. వీధి చివర ఒంటె కూడా వచ్చి పోయింది. ఎవరో "క్లచ్ బాగైంది!" అని అరిచారు.

అత్త మొహం వచ్చేసరికి మాత్రం అందరూ నిశ్శబ్దమయ్యారు. తెల్ల ముసుగులో ఆ మొహం తెర నిండా ఉంది. నేను పక్కనున్న అత్త చేతి వైపు చూశాను. ప్రతి సినిమాలోనూ లేచే ఆ చూపుడువేలు ఒళ్ళో అలాగే ఉంది. ఎవరికీ ఏమీ చూపించలేదు. తెర మీద తను "కూర్చో బిడ్డా" అన్నప్పుడు, హాల్లో తన పెదాలు కూడా కొంచెం కదిలాయి.

అప్పుడు వెనక వరుసలోంచి ఒక ఎముకల చెయ్యి ముందుకొచ్చి మామయ్య నెత్తి మీద ఠంగుమని మొట్టింది. మమ్మాస్.

"విన్నావా? ఈసారి నిజంగా పోతే చక్కెర అడక్కు. నీది షూటింగ్‌లోనే ఇచ్చేశాను."

"అలాగే పిన్నీ" అన్నాడు మామయ్య, తెర మీంచి చూపు తిప్పకుండా. "కాసేపు ఆగు. మా ఆవిడ టీ పోస్తోంది."